విదేశాల్లో ఉన్న భారత పౌరులకు ఓటరు నమోదు: ఫారం 6ఏ దరఖాస్తు విధానం

ఉద్యోగానికో చదువుకో దేశం దాటి వెళ్లినవారికి ఇక ఓటు ఉండదన్న నమ్మకం మన ఊళ్లలో ఇప్పటికీ బలంగానే ఉంది. అది నిజం కాదు. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని 2010లో సవరించి 20ఏ అనే సెక్షన్ చేర్చారు. 2011 ఫిబ్రవరిలో అది అమల్లోకి వచ్చింది. భారత పౌరసత్వం వదులుకోకుండా విదేశంలో ఉంటున్నవారు తమ పాస్‌పోర్టులో ఉన్న స్వదేశపు చిరునామా మీద ఓటరుగా నమోదు కావచ్చని ఆ సెక్షన్ చెబుతోంది. అందుకు పెట్టుకోవాల్సిన దరఖాస్తే ఫారం 6ఏ. దీనికి రుసుము లేదు, మధ్యవర్తి అవసరం అసలే లేదు.

ముందే తెలుసుకోవాల్సిన విషయం ఒకటుంది. నమోదు ఏ దేశం నుంచైనా చేసుకోవచ్చు గానీ, ఓటు వేయాలంటే మాత్రం పోలింగ్ రోజున మన ఊరి పోలింగ్ కేంద్రానికి స్వయంగా రావాలి. పోస్టులో పంపే వీలు లేదు, ఆన్‌లైన్‌లో వేసే వీలు లేదు, మన తరఫున ఇంకొకరు వేసే వీలూ లేదు. ఈ సంగతి తెలియక దరఖాస్తు చేసుకున్న చాలామంది తర్వాత నిరాశపడుతున్నారు. అయినా నమోదు చేసుకోమనే నేను చెబుతాను. ఎందుకో కిందకు వెళ్లేకొద్దీ తెలుస్తుంది.

ఎవరు అర్హులు

భారత పౌరులై ఉండాలి, మరే దేశ పౌరసత్వమూ తీసుకుని ఉండకూడదు. అర్హత తేదీ నాటికి 18 ఏళ్లు నిండాలి. ఒకప్పుడు అర్హత తేదీ ఏడాదికి ఒక్కటే, జనవరి 1. 2021 సవరణ తర్వాత జనవరి 1, ఏప్రిల్ 1, జూలై 1, అక్టోబరు 1 అనే నాలుగు తేదీలయ్యాయి. ఉద్యోగం, చదువు, లేదా మరే కారణం చేతనైనా భారత్‌లోని తమ మామూలు నివాసానికి దూరంగా విదేశంలో ఉంటున్నవారై ఉండాలి.

ఓసీఐ కార్డు, అంటే విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివారికి ఇచ్చే కార్డు, ఉన్నవారికి ఓటు హక్కు లేదు. వారు చట్టం దృష్టిలో విదేశీ పౌరులే. ఇంకో దేశ పౌరసత్వం స్వచ్ఛందంగా తీసుకున్న రోజునే భారత పౌరసత్వం పోతుంది కాబట్టి, పాత భారత పాస్‌పోర్టు ఇంకా ఇంట్లో ఉందని ఫారం 6ఏ నింపితే అది తప్పుడు ప్రకటన అవుతుంది. ప్రజాప్రాతినిధ్య చట్టంలోని సెక్షన్ 31 ప్రకారం అందుకు ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

నెలా రెండు నెలలు పిల్లల దగ్గరికి వెళ్లి వచ్చే తల్లిదండ్రులకు ఈ ఫారంతో పనిలేదు. తాత్కాలికంగా ఊరు విడిచినంత మాత్రాన మామూలు నివాసం పోదని చట్టమే చెబుతోంది. వారి పేరు సాధారణ ఓటరుగానే కొనసాగుతుంది. సైన్యంలో ఉన్నవారు, రాయబార కార్యాలయాల్లో పనిచేసే ప్రభుత్వ ఉద్యోగులు సర్వీసు ఓటర్ల కిందకు వస్తారు. వారి ఫారాలు వేరు, ఓటు వేసే పద్ధతీ వేరు.

పాస్‌పోర్టు చివరి పేజీ

ఫారం తెరిచే ముందు పాస్‌పోర్టు తీసి చిరునామా ఉన్న పేజీ చూడండి. మీరు ఏ నియోజకవర్గంలో, ఏ పోలింగ్ కేంద్రంలో ఓటరవుతారో ఆ నాలుగు పంక్తులే తేలుస్తాయి. సొంతూరు కోనసీమలో ఉన్నా, పాస్‌పోర్టు చేయించుకున్నప్పుడు హైదరాబాద్‌లో అద్దెకున్న ఇంటి చిరునామా ఇచ్చి ఉంటే, మీ దరఖాస్తు హైదరాబాద్‌లోని ఆ నియోజకవర్గానికే వెళ్లాలి. ఊళ్లో పొలం ఉందనో, అమ్మానాన్న అక్కడే ఉన్నారనో చిరునామా మార్చి రాస్తే దరఖాస్తు నిలవదు.

ఇక్కడే ఎక్కువ దరఖాస్తులు చిక్కుకుంటాయి. అద్దె ఇల్లు ఎప్పుడో ఖాళీ చేసి ఉంటారు. విచారణకు వచ్చిన అధికారికి ఆ ఇంట్లో మిమ్మల్ని ఎరిగినవారే కనిపించరు. అందుకే పాస్‌పోర్టు రెన్యువల్ దగ్గరపడినవారు ముందు అందులో తమ వాళ్లు ఉంటున్న ఇంటి చిరునామా పెట్టించుకుని, ఆ తర్వాత ఫారం 6ఏ నింపడం మేలు. విదేశంలోనే పాస్‌పోర్టు రెన్యువల్ చేయించుకున్నవారు మరీ జాగ్రత్తగా చూసుకోవాలి. చివరి పేజీలో భారత్‌లోని చిరునామా ఉంటేనే ఈ దరఖాస్తు ముందుకు కదులుతుంది.

ఏమేం సిద్ధం చేసుకోవాలి

ఇటీవల తీయించుకున్న పాస్‌పోర్టు సైజు కలర్ ఫొటో ఒకటి. పాస్‌పోర్టులో ఫొటో, భారత చిరునామా, ఇతర వివరాలు ఉన్న పేజీల నకళ్లు. చెల్లుబాటులో ఉన్న వీసా ముద్ర పడిన పేజీ నకలు. పోస్టులో పంపేటప్పుడు ప్రతి నకలు మీద మీరే సంతకం చేసి ధ్రువీకరించాలి. నేరుగా వెళ్లి ఇస్తే అసలు పాస్‌పోర్టు చూపించాలి. అధికారి పోల్చి చూసి అక్కడికక్కడే తిరిగి ఇచ్చేస్తారు.

గతంలో ఊళ్లో ఓటరుగా ఉండి గుర్తింపు కార్డు తీసుకున్నవారు ఆ కార్డును ఫారం 6ఏతో పాటు అప్పగించాలి. ఒకరి పేరు రెండు నియోజకవర్గాల్లో ఉండకూడదు, ఒకే నియోజకవర్గంలో రెండుసార్లూ ఉండకూడదు. పాత జాబితాలో పేరుంటే ఆ విషయం దాచకండి. ఇంటింటి పరిశీలనకు బూత్ స్థాయి అధికారి, అంటే బీఎల్ఓ, వచ్చినప్పుడు ఇంట్లోవాళ్లు "అబ్బాయి దుబాయ్‌లో ఉంటున్నాడు" అంటే ఆ పేరు సాధారణ ఓటర్ల జాబితా నుంచి తొలగించే ప్రక్రియ మొదలు కావచ్చు. గల్ఫ్‌లో పనిచేసే మన జగిత్యాల, నిజామాబాద్, కడప వాళ్లలో ఎంతోమందికి పేరు పోయిన సంగతి సెలవుకు వచ్చి, పోలింగ్ కేంద్రం దగ్గర నిలబడ్డాకే తెలుస్తోంది. ఫారం 6ఏతో ప్రవాస ఓటరుగా నమోదైతే విదేశంలో ఉంటున్నారన్న కారణంతో పేరు తీసేసే ప్రశ్నే రాదు. నమోదు చేసుకోమని గట్టిగా చెప్పడానికి నాకున్న మొదటి కారణం ఇదే.

ఫారం నింపడం, పంపడం

దారులు మూడు. ఎన్నికల సంఘం పోర్టల్ ఓటర్స్ డాట్ ఈసీఐ డాట్ జీఓవీ డాట్ ఇన్‌లో గానీ, ఎన్నికల సంఘం మొబైల్ యాప్‌లో గానీ ఆన్‌లైన్‌లో నింపవచ్చు. కాగితం ఫారం నింపి, పాస్‌పోర్టు చిరునామా ఏ నియోజకవర్గం కిందకు వస్తుందో అక్కడి ఓటరు నమోదు అధికారికి పోస్టులో పంపవచ్చు. సెలవుకు వచ్చినప్పుడు ఆ కార్యాలయానికి వెళ్లి చేతికే ఇవ్వవచ్చు. ఖాళీ ఫారాలు విదేశాల్లోని భారత రాయబార కార్యాలయాల్లో ఉచితంగా దొరుకుతాయి.

ఫారంలో మీ పేరు, తండ్రి లేదా తల్లి లేదా జీవిత భాగస్వామి పేరు, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు, ఈమెయిలు, ఫోను నంబరు అడుగుతారు. ఆ తర్వాత పాస్‌పోర్టు నంబరు, అది ఎక్కడ ఎప్పుడు ఇచ్చారు, ఎప్పటివరకు చెల్లుతుంది, వీసా నంబరు, రకం, గడువు. దేశంలో లేకపోవడానికి కారణం, ఏ తేదీ నుంచి లేరో కూడా రాయాలి. ప్రస్తుతం ఉంటున్న విదేశీ చిరునామా పూర్తిగా, తపాలా చేరేటట్టు రాయండి. కంపెనీ క్యాంపులో ఉండేవారు క్యాంపు పేరుతో పాటు పోస్టు బాక్సు నంబరు వేయాలి. నిర్ణయం తెలిపే ఉత్తరం ఆ చిరునామాకే వస్తుంది.

పేరు పాస్‌పోర్టులో ఎలా ఉందో అక్షరం మారకుండా అలాగే రాయండి. మన తెలుగువాళ్లకు ఇంటిపేరుతో ఎప్పుడూ తంటానే. పాస్‌పోర్టులో ఇంటిపేరు విప్పి రాసి, పాత ఓటరు కార్డులో పొడి అక్షరంతో సరిపెట్టి ఉంటారు. ఇక్కడ పాస్‌పోర్టే ప్రమాణం. ఆన్‌లైన్ ఫారంలో ఇంగ్లిషు పేరు దానంతటదే తెలుగులోకి మారే చోట ఒత్తులు, దీర్ఘాలు సరిచూసుకున్నాకే సమర్పించండి.

చివర ప్రకటన ఉంటుంది. భారత పౌరుడినేనని, వేరే దేశ పౌరసత్వం తీసుకోలేదని, తీసుకుంటే వెంటనే తెలియజేస్తానని, తిరిగి వచ్చి దేశంలో స్థిరపడితే ఆ సంగతీ చెబుతానని అందులో హామీ ఇస్తున్నారు. చదివి సంతకం చేయండి. దరఖాస్తు అందినట్టు వచ్చే సూచిక సంఖ్య దాచుకోండి. స్థితి తెలుసుకోవాలంటే అదే ఆధారం.

ఇంటికి వచ్చే అధికారి

ఆన్‌లైన్‌లో నొక్కేస్తే పని అయిపోయిందనుకోవద్దు. అసలు పరీక్ష తర్వాతే మొదలవుతుంది. బీఎల్ఓ మీ పాస్‌పోర్టులోని చిరునామాకు వెళ్లి, ఫారంతో జతచేసిన పత్రాల నకళ్లను అక్కడున్న బంధువులకు చూపించి నిర్ధారించుకుంటారు. బంధువులు ధ్రువీకరిస్తూ ప్రకటన ఇవ్వాలి. ఇంట్లో ఎవరూ లేకపోయినా, ఉన్నవారు ప్రకటన ఇవ్వడానికి ఇష్టపడకపోయినా పత్రాలను మీరుంటున్న దేశంలోని భారత రాయబార కార్యాలయానికి పంపి నిర్ధారణ చేయిస్తారు. పని అవుతుంది గానీ ఆలస్యమవుతుంది.

కాబట్టి దరఖాస్తు పెట్టిన రోజే ఇంటికి ఫోన్ చేసి, "బీఎల్ఓ వస్తారు, నా గురించి అడుగుతారు, ఉన్నది ఉన్నట్టు చెప్పండి, అడిగిన చోట సంతకం పెట్టండి" అని అమ్మానాన్నకో అన్నదమ్ములకో చెప్పి ఉంచండి. ప్రభుత్వ మనిషి వచ్చి కొడుకు పాస్‌పోర్టు కాగితాలు చూపిస్తే పెద్దవాళ్లు కంగారుపడి "మాకేం తెలియదు బాబూ" అనేస్తారు. ఆ ఒక్క మాటతో దరఖాస్తు నెలలపాటు ఆగిపోవచ్చు. మీ పాస్‌పోర్టు, వీసా నకళ్లు ఒక సెట్టు ఇంట్లో ఉంచితే ఇంకా మంచిది.

వచ్చిన దరఖాస్తుల జాబితాను అధికారి అభ్యంతరాల కోసం ఏడు రోజులు ప్రదర్శించాలి. నామినేషన్ల గడువు ముగిశాక కొత్త పేర్లు చేర్చడానికి చట్టం ఒప్పుకోదు. ఎన్నికల ప్రకటన వచ్చాక హడావిడిగా పెట్టే ఫారం 6ఏలు చాలావరకు అందుకే దక్కవు. గడువు ప్రకారమైతే తెలంగాణ శాసనసభకు 2028 చివర్లో, ఆంధ్రప్రదేశ్ శాసనసభకూ లోక్‌సభకూ 2029లో ఎన్నికలు రావాలి. రాయబార కార్యాలయం దాకా వెళ్లాల్సి వచ్చే దరఖాస్తును ఏడాది ముందే పెట్టుకున్నా తొందరపడ్డట్టు కాదు.

తిరస్కరిస్తే కారణం తెలుస్తుంది. దాని మీద 15 రోజుల్లో జిల్లా కలెక్టరుకు అప్పీలు చేసుకోవచ్చు. అక్కడా కాదంటే 30 రోజుల్లో రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి రెండో అప్పీలు.

పేరు చేరాక

ప్రవాస ఓటర్ల పేర్లు ఆయా పోలింగ్ కేంద్రం జాబితాలో చివర విడిగా ఉంటాయి. మామూలు జాబితాలో వెతికి పేరు లేదనుకోకండి. ప్రవాస ఓటరుకు గుర్తింపు కార్డు ఇవ్వరు. పోలింగ్ రోజున అసలు పాస్‌పోర్టే మీ గుర్తింపు. నకలు గానీ ఫోనులో ఫొటో గానీ పనికిరావు. వివరాల్లో తప్పులుంటే ఫారం 8తో దిద్దించుకోవచ్చు.

ఇక ఓటు వేయడానికి విమానమెక్కి రావాలన్న నిబంధన సంగతి. 2024 లోక్‌సభ ఎన్నికల నాటికి నమోదైన ప్రవాస ఓటర్లు సుమారు 1.19 లక్షలు. వచ్చి ఓటు వేసినవారు 2,958 మంది, అందులో 2,670 మంది ఒక్క కేరళవారే. కోటికి పైగా భారత పౌరులు విదేశాల్లో ఉంటుండగా ఇదీ లెక్క. విమాన టిక్కెట్టుకు రెండు మూడు నెలల జీతం పోసే కూలీకి ఈ హక్కు కాగితం మీదే మిగులుతోంది. ప్రతినిధి ద్వారా ఓటు వేసే వీలు కల్పించే బిల్లును 2018 ఆగస్టులో లోక్‌సభ ఆమోదించింది. రాజ్యసభ దాటకుండానే 2019లో లోక్‌సభ రద్దవడంతో అది మురిగిపోయింది. సర్వీసు ఓటర్లకు వాడుతున్న ఎలక్ట్రానిక్ పోస్టల్ బ్యాలెట్‌ను (ఖాళీ బ్యాలెట్ ఆన్‌లైన్‌లో వస్తుంది, ఓటు వేసి పోస్టులో పంపాలి) ప్రవాసులకూ విస్తరించవచ్చని 2020లో ఎన్నికల సంఘం కేంద్ర న్యాయశాఖకు రాసింది. ఇప్పటికీ ప్రవాసి పోలింగ్ కేంద్రానికి రాక తప్పడం లేదు.

మనలాగే లక్షల మందిని పనులకు విదేశాలకు పంపే దేశాలు ఈ చిక్కును ఎలా విప్పుకుంటున్నాయో చూడాలి. ఫిలిప్పీన్స్ 2003లో చట్టం చేసి, 2004 ఎన్నికల్లోనే తన ప్రవాసులతో విదేశాల్లో ఓటు వేయించింది. మెక్సికో 2006 అధ్యక్ష ఎన్నికలో పోస్టులో ఓటు తీసుకుంది. మన పక్కనే పాకిస్తాన్ 2018 ఉప ఎన్నికల్లో ఇంటర్నెట్ ఓటింగ్‌ను ప్రయోగాత్మకంగా పెట్టింది. విదేశాల్లో ఉన్న పౌరులకు ఓటు వేసే ఏర్పాటు చేయాలని నేపాల్ సుప్రీంకోర్టు 2018లోనే అక్కడి ప్రభుత్వాన్ని ఆదేశించింది. దక్షిణాసియా ఎన్నికల సంఘాలకు 2012లో ఢిల్లీలో ఏర్పడిన ఉమ్మడి వేదిక ఫెంబోసా ఉంది. గల్ఫ్‌లో ఒకే క్యాంపులో పక్కపక్క గదుల్లో ఉండే తెలుగువాడిది, నేపాలీది ఒకటే సమస్య. ఈ సంఘాలు కలిసి కూర్చుని తేల్చాల్సిన మొదటి పని ఇదేనని నా అభిప్రాయం. జాబితాలో లక్ష పేర్లే ఉన్నంతకాలం ఏ ప్రభుత్వానికైనా ఇది వాయిదా వేయదగిన విషయంగానే కనిపిస్తుంది. నమోదు చేసుకోమనడానికి నా రెండో కారణం అది.

తిరిగి వచ్చి ఇక్కడే స్థిరపడినవారు ఆ సంగతి ఓటరు నమోదు అధికారికి తెలియజేయాలి. ఆయన ప్రవాస ఓటర్ల జాబితా నుంచి పేరు తీసేస్తారు. ఆ తర్వాత ప్రస్తుతం ఉంటున్న ఇంటి చిరునామాతో ఫారం 6 పెట్టుకుంటే సాధారణ ఓటరుగా పేరు చేరుతుంది, గుర్తింపు కార్డూ వస్తుంది. విదేశీ పౌరసత్వం తీసుకున్నవారు మాత్రం అక్కడి భారత రాయబార కార్యాలయానికి వెంటనే తెలియజేసి పేరు తొలగింపజేసుకోవాలి.