టాబ్లెట్ కొన్నాక కంప్యూటర్ పని ఎక్కడ ఆగుతుంది, ఎందుకు ఆగుతుంది

కంప్యూటర్ బదులు టాబ్లెట్ కొనేముందు చేయాల్సిన పరీక్ష ఒక్కటే ఉంది, దాన్నే అందరూ వదిలేస్తారు. కంప్యూటర్ వెనక్కి వెళ్లి అక్కడ గుచ్చి ఉన్న తీగలు చూడాలి. ప్రాసెసర్ ఏంటి, ర్యామ్ ఎంత అని పది వీడియోలు చూసేవాళ్లు ప్రింటర్ మోడల్ నంబరు మాత్రం చూడరు. కీబోర్డు, మౌస్ బ్లూటూత్‌లో దొరుకుతాయి, వాటి సంగతి వదిలేయండి. మిగతా ప్రతి తీగకూ, రోజూ తెరిచే ప్రతి ప్రోగ్రాముకూ టాబ్లెట్‌లో దారి ఉందో లేదో తేలాకే డబ్బు కట్టండి.

ప్రింటర్ కనబడదు

మన ఆఫీసుల్లో, జిరాక్స్ షాపుల్లో ఇప్పటికీ తిరుగుతున్న హెచ్‌పీ లేజర్‌జెట్ 1020, క్యానన్ ఎల్‌బీపీ 2900 లాంటివి యూఎస్‌బీ తీగతోనే పనిచేస్తాయి. పేజీని తయారుచేసేది కంప్యూటర్లోని డ్రైవరు, అంటే ప్రింటర్‌ను నడిపే చిన్న ప్రోగ్రాము. ఆ డ్రైవరును ప్రింటర్ కంపెనీలు టాబ్లెట్‌కు ఇవ్వలేదు, ఓటీజీ తీగలు (టాబ్లెట్‌కు యూఎస్‌బీ వస్తువులు తగిలించేవి) మార్చినంత మాత్రాన రాదు. పాత కంప్యూటర్‌ను ప్రింటింగ్‌కే ఉంచుకుని పీడీఎఫ్‌లు దానికి పంపండి. కొత్త ప్రింటర్ కొంటే ఐప్యాడ్‌కు ఎయిర్‌ప్రింట్, ఆండ్రాయిడ్‌కు మోప్రియా అన్న పేరు డబ్బా మీద ఉండాలి, విడిగా డ్రైవరు లేకుండా ప్రింట్ తీసే పద్ధతులవి.

ఎక్సెల్ తెరుచుకుంటుంది, మార్చనివ్వదు

10.1 అంగుళాలు దాటిన తెర మీద ఎక్సెల్ యాప్‌లో మార్పులు చేయాలంటే మైక్రోసాఫ్ట్ 365 చందా కావాలి. బ్రౌజర్‌లో ఎక్సెల్ తెరిస్తే ఉచితమే. మ్యాక్రోలున్న (పనులు వాటంతటవే జరిగేలా రాసిపెట్టిన ఆదేశాలున్న) ఫైలైతే చందా కట్టినా లాభం లేదు, టాబ్లెట్ యాప్‌లో అవి నడవవు.

మానిటర్ మీద ‘నో సిగ్నల్’

నిలువునా ముంచేది ఇదే. టాబ్లెట్ టైప్-సీ రంధ్రానికి తగిలించి, ఒకటికి నాలుగు పోర్టులు చేసుకునే హబ్‌కు మౌస్ గుచ్చితే బాణం కదులుతుంది, పెన్‌డ్రైవ్ తెరుచుకుంటుంది, చార్జింగూ ఎక్కుతుంది. హెచ్‌డీఎంఐ పెడితే మాత్రం తెర నల్లగానే ఉంటుంది. హబ్ పాడైందని వెనక్కిచ్చి ఇంకోటి తెస్తారు. అదీ అంతే.

టైప్-సీ అన్నది ఆ రంధ్రం ఆకారానికి పేరు. దాని వెనక ఏమేం ఉన్నాయో ఆకారాన్ని బట్టి తెలీదు. మానిటర్‌కు బొమ్మ వెళ్లాలంటే ఆ పోర్టులోంచి డిస్‌ప్లేపోర్ట్ సంకేతం రావాలి. చవక టాబ్లెట్లలో చాలావాటికి అది ఉండదు. మామూలు హబ్ వచ్చిన సంకేతాన్ని హెచ్‌డీఎంఐగా మారుస్తుంది, రానిదాన్ని ఎక్కణ్నుంచి తెస్తుంది?

శాంసంగ్ గెలాక్సీ ట్యాబ్ ఎస్9 పోర్టు నుంచి బొమ్మ వస్తుంది, ఎస్9 ఎఫ్‌ఈ పోర్టు నుంచి రాదు. ఎఫ్‌ఈలోనూ డెక్స్ (శాంసంగ్ టాబ్లెట్‌ను కంప్యూటర్ తెరలా చూపే పద్ధతి) ఉంటుంది కాబట్టి మానిటర్‌కూ పనికొస్తుందనుకుంటారు. ఆ డెక్స్ టాబ్లెట్ తెర మీద నడుస్తుంది గానీ తీగ గుండా బయటికి పోదు. యాపిల్‌తో ఇంకో తిరకాసు. 2022లో వచ్చిన పదో తరం ఐప్యాడ్ పోర్టు వేగం యూఎస్‌బీ 2.0దే, అంటే 480 ఎంబీపీఎస్, అయినా మానిటర్‌కు బొమ్మ పంపుతుంది. పడేది ఐప్యాడ్ తెర నకలు, పక్కల నల్ల పట్టీలతో. మానిటర్‌ను రెండో తెరగా వాడాలంటే ఎం1 గానీ ఆ తర్వాతి చిప్ గానీ ఉన్న ఐప్యాడ్ కావాలి.

కాబట్టి వేగం అంకె చూసి తేల్చేయకండి. స్పెసిఫికేషన్లలో డిస్‌ప్లేపోర్ట్ అన్న మాట వెతకండి. దొరక్కపోతే సొంత హబ్ షాపుకే తీసుకెళ్లి, అక్కడి టీవీకి గుచ్చి చూపించమనండి. అలా అడగడానికి మొహమాటపడి ముప్పై వేలు పోసేవాళ్లే ఎక్కువ. టాబ్లెట్‌ను నేరుగా టైప్-సీ మానిటర్‌కు కలిపితే తీగనూ అనుమానించాలి. డబ్బాలో వచ్చే చార్జింగ్ తీగల్లో చాలావాటి గుండా బొమ్మ వెళ్లదు.

ఇప్పటికే కొనేశారా? ఆండ్రాయిడ్ అయితే డిస్‌ప్లేలింక్ చిప్ ఉన్న అడాప్టర్ తీసుకుని, టాబ్లెట్‌లో డిస్‌ప్లేలింక్ ప్రెజెంటర్ యాప్ వేయండి. అది బొమ్మను మామూలు యూఎస్‌బీ డేటాగా కుదించి పంపుతుంది గనక డిస్‌ప్లేపోర్ట్ లేకపోయినా పనిచేస్తుంది. నకలు తెర మాత్రమే వస్తుంది. స్లైడ్లకు, లెక్కల షీట్లకు చాలు, వీడియోలకు వద్దు.

హార్డ్ డిస్క్ గుచ్చితే ఉలుకూ పలుకూ లేదు

ముందు కరెంటు చూడండి. హబ్‌లోని చార్జింగ్ పోర్టుకు చార్జర్ పెట్టి మళ్లీ ప్రయత్నించండి. అప్పటికీ రాకపోతే డిస్క్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో, అంటే విండోస్ ఫైళ్లు దాచే పద్ధతిలో, ఉండొచ్చు. డేటా వేరేచోట కాపీ చేసుకున్నాకే ఎక్స్‌ఫ్యాట్ అనే ఇంకో పద్ధతికి ఫార్మాట్ చేయాలి.

డిజిటల్ సంతకం, ట్యాలీ, అను ఫాంట్లు

జీఎస్టీలో కంపెనీలు, ఎల్‌ఎల్‌పీలు (పరిమిత బాధ్యత భాగస్వామ్య సంస్థలు) డీఎస్‌సీతోనే, అంటే యూఎస్‌బీ టోకెన్‌లో ఉండే డిజిటల్ సంతకంతోనే, సంతకం పెట్టాలి. ఆ టోకెన్ డ్రైవర్లు, సంతకం సాఫ్ట్‌వేర్ కంప్యూటర్ కోసం చేసినవి, కాబట్టి కంప్యూటర్ ఉండాల్సిందే. సొంత వ్యాపారమైతే ఈవీసీ, అంటే ఫోనుకొచ్చే ఓటీపీతో ధ్రువీకరణ, చాలు, అది టాబ్లెట్ మీదే అయిపోతుంది.

లెక్కలు రాసే ట్యాలీ ప్రైమ్ విండోస్ ప్రోగ్రాము. ఆఫీసులో కంప్యూటర్‌ను ఆన్‌లో ఉంచి, టాబ్లెట్ నుంచి క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్‌తో అందుకోండి. విండోస్ సొంత రిమోట్ డెస్క్‌టాప్ హోమ్ ఎడిషన్‌లోకి లాగిన్ కానివ్వదు, ప్రో కావాలి.

తెలుగు ఫైలు తెరిస్తే ఇంగ్లిష్ అక్షరాలు, పిచ్చి గుర్తులు కలగాపులగంగా కనిపిస్తే అది అను ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లలో) కొట్టిన ఫైలు కావచ్చు. కంప్యూటర్ మీద యూనికోడ్‌లోకి మార్చి తెచ్చుకోండి. పేజ్‌మేకర్‌లో పత్రికలు, కరపత్రాలు కట్టేవాళ్లు టాబ్లెట్ ఆలోచనే మానుకోవచ్చు.

టాబ్లెట్ వేడెక్కడం, బ్లూటూత్ కీబోర్డు మధ్యలో తెగిపోవడం లాంటివి అరుదు. ఆఫ్ చేసి ఆన్ చేస్తే సగం పోతాయి. స్నాప్‌డ్రాగన్ చిప్ ఉన్న విండోస్ టాబ్లెట్ కొంటే పైన చెప్పిన ఇబ్బందులేవీ ఉండవనుకునేవాళ్లకు ఒక మాట: ప్రోగ్రాములు చాలావరకు నడుస్తాయి గానీ, మొదట చెప్పిన ఆ పాత ప్రింటర్ల డ్రైవర్లు దాంట్లోనూ ఎక్కవు.