మూకీ కామెడీ షార్ట్స్ చూడాలంటే ముందు స్పీడ్ సరిచేయండి

చాప్లిన్ పాత షార్ట్, అదే చిన్న నిడివి సినిమా, ఒకటి పెట్టి, రెండు నిమిషాలు చూసి, ఏంట్రా అందరూ తోక తొక్కిన కోతుల్లా గెంతుతున్నారు అని ఆపేసేవాళ్ళే ఎక్కువ, నేనూ ఫస్ట్ అదే చేశా. తప్పు సినిమాది కాదండీ, మన చేతికొచ్చిన కాపీది.

అప్పుడు కెమెరా హ్యాండిల్ చేత్తో తిప్పేవాళ్ళు, సెకనుకి సుమారు 16 నుంచి 20 ఫ్రేములు, అంటే విడివిడి ఫొటోలు, పడేవి, టాకీలొచ్చాక 24 ఖాయమైంది. పాత రీల్‌ని అలాగే 24లో ఆడిస్తే ఇక ఉరుకులు పరుగులే. అందుకని యూట్యూబ్ సెట్టింగ్స్‌లో ప్లేబ్యాక్ స్పీడ్ 0.75 పెట్టండి, అంటే 18 ఫ్రేముల లెక్క. మనిషి మామూలుగా నడుస్తున్నట్టుంటే చాలు, ఇంకా తగ్గించొద్దు, ఎందుకంటే ఛేజింగ్ సీన్లలో వాళ్ళు కావాలనే హ్యాండిల్ నెమ్మదిగా తిప్పేవాళ్ళు, తెర మీద స్పీడుగా కనపడాలని. రిస్టోర్ చేసిన మంచి కాపీ దొరికితే మాత్రం ముట్టుకోకండి, అందులో సాధారణంగా స్పీడ్ సరిచేసే ఉంటుంది.

స్పీడ్ తగ్గిస్తే మ్యూజిక్ ఏడుపులా సాగుతుంది, మ్యూట్ కొట్టేయండి. అది ఎలాగూ తర్వాత అతికించిందే, అప్పట్లో హాల్లోనే పియానో వాయించేవాళ్ళు. నేనైతే మాండొలిన్ శ్రీనివాస్‌ని పెట్టుకున్నా, నవ్వకండి, బానే కుదిరింది.

ముందు సినిమా తొలి రోజుల ఫ్రెంచ్ అన్నదమ్ములు, లూమియర్ వాళ్ళ 1895 తోటమాలి బిట్ చూడండి, నిమిషం కూడా లేదు. పిల్లాడు పైపు తొక్కుతాడు, నీళ్ళు ఎందుకు ఆగాయా అని తోటమాలి పైపులోకి తొంగి చూస్తాడు, వాడు కాలు తీస్తాడు. అంతే, ఈ కామెడీ మొత్తానికి అ ఆలు అక్కడే.

తర్వాత చాప్లిన్ 1917 'ది ఇమిగ్రెంట్'. ఓడ అంచున వంగి భుజాలు ఎగరేస్తుంటే పాపం వాంతి అనుకుంటాం, ఇటు తిరిగితే చేతిలో చేప! ముఖం కనపడకుండా వీపుతో నవ్వించాడు మహానుభావుడు. అందుకే ముఖాలొక్కటే చూడకండి, కాళ్ళు, వీపులు, వెనకాల నిలబడ్డవాళ్ళు, అన్నీ చూడాలి, ఫోన్ కనీసం అడ్డంగా తిప్పండి.

ఆఖర్న చాప్లిన్ కాలంలోనే ఇంకో మూకీ కమెడియన్ బస్టర్ కీటన్ 1920 'వన్ వీక్', కొత్త జంట, విడిభాగాలుగా వచ్చిన ఇల్లు, వీళ్ళే బిగించుకోవాలి. చివర్లో ఇల్లు రైలు పట్టాల మీద ఇరుక్కుంటుంది. రైలు వెళ్ళిపోయింది కదా అని మాత్రం వీడియో ఆపేయకండి.