70వ నిమిషం దాటాక ఎటు చూడాలి

2022 మే 4న రియల్ మాడ్రిడ్, మాంచెస్టర్ సిటీ ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్‌ని నేను 89వ నిమిషంలో కట్టేసి పడుకున్నాను. ఒక్కో జట్టు మైదానంలో ఒకటి చొప్పున ఆడే రెండు అంచెలూ కలిపి సిటీ 5-3తో ముందుంది. మాడ్రిడ్‌కి కనీసం రెండు గోల్స్ కావాలి, చేతిలో ఉన్నది నిమిషం, దానిమీద ఇంజురీ టైమ్, అంటే మధ్యలో ఆట ఆగినందుకు చివర్లో కలిపే నిమిషాలు. పొద్దున్నే లేచి ఫోన్ చూస్తే 6-5, మాడ్రిడ్ ఫైనల్‌కి వెళ్లిపోయింది. 90వ నిమిషంలో ఒకటి, 90+1లో ఇంకొకటి, రెండూ రోడ్రిగో కొట్టినవే. ఆ తర్వాత ఎక్స్‌ట్రా టైమ్‌లో బెంజెమా పెనాల్టీ.

ఆ బాధ నాకు ఇంకా పోలేదు. ఆ వారంలోనే ఆ మ్యాచ్‌ని 65వ నిమిషం నుంచి మూడుసార్లు చూశాను, నా కళ్లు దేన్ని వదిలేశాయో తెలుసుకోవాలని. అప్పటినుంచి మా అమ్మాయీ నేనూ ఒక నోట్‌బుక్ పెట్టుకుని కూర్చుంటున్నాం. ఫుట్‌బాల్ ఈమధ్యే చూడటం మొదలుపెట్టినవాళ్ల కోసం మా పద్ధతి రాస్తున్నాను. ఎవరు గెలుస్తారో ఇది చెప్పదు గానీ, వెనకబడ్డ జట్టులో ఊపిరి ఉందో లేదో మాత్రం బాగానే చెబుతుంది.

ముందు లెక్క రాసుకోండి

70వ నిమిషం దాటగానే ఒకే ఒక్క లైను రాస్తాం: సమం కావడానికి ఎన్ని గోల్స్, గెలవడానికి ఎన్ని. లీగ్ మ్యాచ్ అయితే తేలిక. రెండు అంచెల పోటీ అయితే తొలి మ్యాచ్ స్కోరు కలుపుకోవాలి. పాత మ్యాచ్‌లు చూసేవాళ్లు ఇంకో సంగతి గుర్తుపెట్టుకోండి. 2021-22 సీజన్‌కి ముందు యూఈఎఫ్ఏ (యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య) పోటీల్లో మొత్తం స్కోరు సమమైతే, ఎదుటివాళ్ల మైదానంలో ఎక్కువ గోల్స్ కొట్టిన జట్టే ముందుకెళ్లేది. 2019 సెమీఫైనల్లో టోటెన్‌హామ్ సొంతగడ్డ మీద అయాక్స్ చేతిలో 0-1తో ఓడింది. ఆమ్‌స్టర్‌డామ్‌లో హాఫ్‌టైమ్‌కి 0-2తో వెనకబడింది. చూడటానికి కొండంత లోటు. కానీ ఆ రూల్ ప్రకారం మూడు గోల్స్ చాలు. లూకాస్ మౌరా ఆ మూడూ కొట్టాడు: 55లో, 59లో, చివరిది 90+6లో. లెక్క రాసుకోనివాళ్లకి రెండో గోల్ పడ్డాక కూడా గట్టు ఎంత దగ్గర్లో ఉందో తెలిసేది కాదు.

మార్పులు చూడండి, బయటికి వచ్చేవాళ్లని ఇంకా బాగా చూడండి

వెనకబడ్డ జట్టు మిడ్‌ఫీల్డర్‌ని తీసి స్ట్రైకర్‌ని దింపితే మేం ఒక గీత గీస్తాం. పొడుగాటి స్ట్రైకర్ అయితే రెండు. టోటెన్‌హామ్ హాఫ్‌టైమ్‌లో దింపింది ఫెర్నాండో యోరెంటేని. చివరి గోల్ మొదలైంది అతనికోసం పైకి లేపిన పొడుగు పాస్ నుంచే. 2022 ప్రపంచకప్ క్వార్టర్స్‌లో అర్జెంటీనా మీద నెదర్లాండ్స్ 78వ నిమిషంలో దింపిన వెగ్‌హోర్స్ట్, 83లో ఒకటీ 90+11లో ఇంకొకటీ కొట్టి 2-2 చేశాడు.

అయితే ముందున్న జట్టు ఎవర్ని బయటికి పిలుస్తోందన్నది నా దృష్టిలో ఇంకా పెద్ద విషయం. ఎదుటి గోల్ వైపు బంతిని కాసేపు పట్టి ఉంచగలిగినవాడు వెళ్లిపోతే, డిఫెండర్లు కొట్టిన బంతి గోడకి తగిలినట్టు తిరిగొస్తుంది. నేను వదిలేసిన మ్యాచ్‌లో సిటీ 72లో డి బ్రుయినాని, 85లో మహ్రెజ్‌ని తీసేసింది. మహ్రెజ్ స్థానంలో వచ్చింది ఫెర్నాండిన్హో, ఆపడానికి దింపిన ఆటగాడు. 2022 ప్రపంచకప్ ఫైనల్లో అర్జెంటీనా 2-0తో ముందుండగా 64లో డి మరియా బయటికొచ్చాడు. కోచ్‌లు తప్పు చేశారని నేననను. అలసిపోయిన కాళ్ల సంగతి గీత పక్కన నిలబడ్డవాళ్లకే తెలుస్తుంది. చూసే మనం మాత్రం ఆ మార్పుతో ఆట ఎటు ఒరుగుతోందో గమనించాలి. ఇప్పుడు ఒక్కో జట్టు ఐదుగురిని మార్చుకోవచ్చు కాబట్టి, గోల్‌కీపర్‌ని పక్కనపెడితే సగం జట్టు కొత్త కాళ్లతో ఉండే అవకాశం ఉంది.

తిరిగొచ్చే బంతి

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ ఇక్కడ పెట్టండి. డిఫెండర్ బంతిని దూరంగా తన్నినప్పుడు మనం "హమ్మయ్య" అనో "అయ్యో" అనో అనేసి ఊరుకుంటాం. అప్పుడే కళ్లు పెట్టాలి. ఆ బంతి ఎవరి కాళ్ల దగ్గర ఆగింది? మేం ఐదేసి నిమిషాలకి ఒక గడి గీసి, వెనకబడ్డ జట్టుకే తిరిగి దొరికిన ప్రతిసారీ అందులో ఒక చుక్క పెడతాం. ఐదుసార్లు తన్నితే నాలుగుసార్లు తిరిగొస్తోందంటే అది ముట్టడి. అప్పుడు స్కోరు మీద నమ్మకం తగ్గించుకోండి.

దాంతోపాటు ముందున్న జట్టు డిఫెండర్ల వరస ఎక్కడుందో చూడండి. పెనాల్టీ బాక్స్ అంచుకి బయట నిలబడితే ఇంకా ధైర్యంగా ఉన్నారని అర్థం. బాక్స్ లోపలికి జరిగిపోతే ప్రతి క్రాసూ ప్రమాదమే, ప్రతి కార్నరూ ప్రమాదమే. కార్నర్ దొరికినప్పుడు నీళ్ల కోసం లేవొద్దని మా ఇంట్లో రూలు పెట్టుకున్నాం. 1999 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో బార్సిలోనాలో బేయర్న్ మ్యూనిక్ మీద మాంచెస్టర్ యునైటెడ్ ఇంజురీ టైమ్‌లో కొట్టిన రెండు గోల్సూ బెక్‌హామ్ కార్నర్ల నుంచి వచ్చినవే. కొట్టిన షెరింగ్‌హామ్, సోల్‌షార్ ఇద్దరూ సబ్‌స్టిట్యూట్‌లే.

ఇక నన్ను తప్పుదారి పట్టించిన సంగతి. మాడ్రిడ్ మ్యాచ్‌లో 87వ నిమిషం దగ్గర గ్రీలిష్‌కి వెంటవెంటనే రెండు అవకాశాలొచ్చాయి. ఒకదాన్ని మెండీ గోల్ లైను మీద ఆపాడు, ఇంకోదాన్ని కోర్టువా కాలితో ఆపాడు. సిటీనే ఇంకో గోల్ కొట్టేలా ఉందని, ఇక అయిపోయిందని నేను తేల్చేసుకున్నాను. మళ్లీ చూసినప్పుడు నాకు వేరేగా అర్థమైంది. గ్రీలిష్‌కి అంత ఖాళీ దొరికిందంటే మాడ్రిడ్ వెనకవైపు తలుపులు తీసేసి ముందుకి వచ్చేసిందన్నమాట. 1999లోనూ అంతే. బేయర్న్ 1-0తో ఉండగా 79లో షోల్ కొట్టిన బంతి పోస్టుకి తగిలింది, 84లో యాంకర్ కొట్టింది బారుకి తగిలింది. అందుకే ముందున్న జట్టు అవకాశాలు పోగొట్టుకుంటుంటే ఇప్పుడు నేను ఇంకా ముందుకి జరిగి కూర్చుంటాను. అటూ ఇటూ గోల్ దాకా వెళ్లొస్తున్న ఆటలో ఏదైనా జరగొచ్చు. ముందున్న జట్టు కార్నర్ జెండా దగ్గర బంతి పెట్టుకుని, త్రో-ఇన్ మీద త్రో-ఇన్ సంపాదిస్తూ ఆటని చంపేస్తుంటే మాత్రం ఆశ తక్కువ.

బోర్డు మీద అంకె

నాలుగో రిఫరీ పైకెత్తే అంకె కనీస సమయం. దానిమీద ఇంకా కలపొచ్చు. వెగ్‌హోర్స్ట్ రెండో గోల్ పడిన రోజు బోర్డు మీద 10 ఉంది, గోల్ పదకొండో నిమిషంలో పడింది.

మొదటి గోల్ పడ్డాక రెండు నిమిషాలు

రీప్లే వేస్తుంటే మనసు అటే పోతుంది. వెంటనే మైదానంలోకి తిరిగి రండి. నెట్‌లోంచి బంతి తీసుకుని మధ్యలోకి పరిగెత్తేవాడు ఉన్నాడా? గోల్ తిన్న జట్టు మళ్లీ మొదలుపెట్టాక బంతిని దగ్గర ఉంచుకుంటోందా, భయంతో వదిలించుకుంటోందా? 2012 మే 13న మాంచెస్టర్ సిటీకి ఇంగ్లిష్ లీగ్ టైటిల్ దక్కాలంటే క్వీన్స్ పార్క్ రేంజర్స్ (క్యూపీఆర్) జట్టుని ఓడించాలి. 90 నిమిషాలకి 1-2తో వెనకుంది. క్యూపీఆర్ 55వ నిమిషం నుంచీ పదిమందితోనే ఆడుతోంది. 90+2లో జెకో కార్నర్ నుంచి హెడర్‌తో సమం చేశాడు. తర్వాత క్యూపీఆర్ బంతిని పట్టి ఉంచలేదు, బయటికి తన్నేసి సిటీకే ఇచ్చింది. గడియారం 93:20 చూపిస్తుండగా అగ్వేరో కొట్టాడు. 2022 ప్రపంచకప్ ఫైనల్లో ఫ్రాన్స్ ఆటగాడు ఎంబాపే రెండు గోల్స్ మధ్య గడిచింది 97 సెకన్లే. అర్జెంటీనా చివరికి పెనాల్టీ షూటౌట్‌లో గెలిచింది కానీ, ఆ 97 సెకన్లు చూసినవాళ్లు మర్చిపోలేరు.

మా నోట్‌బుక్‌లో చుక్కలన్నీ నిండి, ఏమీ జరగకుండా ముగిసిన మ్యాచ్‌ల పేజీలే ఎక్కువ. వాటినీ చింపకుండా ఉంచాం.

2024 మే 8న మళ్లీ మాడ్రిడ్ సెమీఫైనల్, ఈసారి బేయర్న్‌తో. తొలి అంచె 2-2. 68వ నిమిషంలో డేవిస్ గోల్‌తో బేయర్న్ ముందుకెళ్లింది. "నాన్నా, ఇక పడుకుందామా?" అంది మా అమ్మాయి. గడులు చూపించాను. మాట్లాడకుండా పెన్ను తీసుకుంది. ఆ పేజీ తన చేతిరాతే: 76, సానే బయటికి, డిఫెండర్ కిమ్ లోపలికి. 81, హోసెలు లోపలికి. 85, కేన్ బయటికి. 88 పక్కన నోయర్ చేతుల్లోంచి బంతి జారడం, హోసెలు గోల్. 90+1 పక్కన ముందు "ఆఫ్‌సైడ్" అని రాసింది, గోల్ చెల్లదన్నట్టు లైన్స్‌మన్ జెండా లేచింది కాబట్టి. వీడియో పరిశీలన తర్వాత రిఫరీ గోల్ ఇచ్చాడు. ఆ మాట కొట్టేసి, పక్కనే మళ్లీ హోసెలు అని రాసింది, పెన్ను గీత కాగితం వెనక్కి కనిపించేంత గట్టిగా.