ఇంట్లో సర్వర్ ఆన్ చేసే ముందు జాగ్రత్తలు

ఆదిమ క్రైస్తవ సంఘ చరిత్ర పుస్తకాలు, రాతప్రతుల స్కాన్లు ఇంట్లో సర్వర్‌లోనే దాచుకోవాలనుకునే విజయవాడ వాళ్ళు ముందు ఇవి చూసుకోండి.

• మెషీన్ నేల మీద వద్దు. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు సింగ్‌నగర్ ఇళ్లలోకి ఎలా వచ్చాయో చూశాం. ఎత్తులో, గాలి ఆడే చోట పెట్టండి. మే నెల ఎండల్లో మూసిన బీరువా అసలే పనికిరాదు.

• యూపీఎస్ తప్పనిసరి. బ్యాటరీ అయిపోయేలోపు సర్వర్ తనంతట తానే షట్‌డౌన్ అవుతుందా? ప్లగ్ పీకి పరీక్షించండి.

• అన్నిటికంటే ముఖ్యం బ్యాకప్. రెయిడ్ (ఒక డిస్కు పాడైనా డేటా నిలిచేలా పలు డిస్కులను కలిపే ఏర్పాటు) బ్యాకప్ కాదు, పొరపాటున ఫైల్ చెరిపితే అన్ని డిస్కుల్లోనూ పోతుంది. తొలినాటి క్రైస్తవ సంఘ నియమాల పుస్తకం 'డిడాఖే' గ్రీకులో దాదాపు పూర్తిగా దొరికింది 1056 నాటి ఒకే ఒక్క రాతప్రతిలో. 1873లో గ్రీకు మతపండితుడు బ్రయెన్నియోస్ కాన్‌స్టాంటినోపుల్‌లో దాన్ని గుర్తించారు. అదీ పోయుంటే? ఆ పరిస్థితి మన ఫైళ్లకు రానివ్వకండి. మూడు కాపీలు ఉంచండి, ఒకటి గుంటూరులో చుట్టాలింట్లో పెట్టండి. అప్పుడప్పుడూ ఆ కాపీలోంచి ఏదో ఒక ఫైల్ తెరిచి చూడండి.

• రూటర్‌లో వైర్‌గార్డ్ (బయటి నుంచి ఇంటి నెట్‌వర్క్‌లోకి భద్రంగా చేరే వీపీఎన్) పోర్టు తప్ప మరేదీ తెరవొద్దు. పబ్లిక్ ఐపీ (బయటి నుంచి మీ రూటర్‌ను నేరుగా చేరే ఇంటర్నెట్ చిరునామా) ఇస్తారో లేదో ఇంటర్నెట్ వాళ్లని ముందే అడగండి.