కాలిఫోర్నియాలో ఫ్రీలాన్సర్‌తో పనా? కాంట్రాక్ట్‌లో ఏం ఉండాలంటే

"మనోళ్లే కదా, కాగితం దేనికి" అనుకునేవాళ్ల కోసమే ఇది. ఫ్రీమాంట్‌లో చిన్న కర్రీ పాయింట్ పెట్టారు అనుకుందాం, మెనూ డిజైన్‌కి తెలిసినమ్మాయి, ఫోటోలకి ఇంకొకాయన, బేరం మొత్తం వాట్సాప్‌లోనే అయిపోయింది. టెక్సస్‌లో మీ బావగారు అలానే చేస్తుండొచ్చు, ఇక్కడ కుదరదు.

ముందు తేల్చుకోవాల్సింది అసలు ఆ మనిషి కాంట్రాక్టరా, ఉద్యోగా అని. 2020 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న ఏబీ 5 అనే రాష్ట్ర చట్టం లెక్కలో మీ దగ్గర పనిచేసేవాళ్లు ఉద్యోగులే, కాదని నిరూపించుకునే బాధ్యత మీది, మూడూ కుదరాలి: పని ఎలా చేయాలో మీ పెత్తనం ఉండకూడదు, ఆ పని మీ వ్యాపారంలో భాగం కాకూడదు, ఆ మనిషికి అదే పనిలో సొంత వ్యాపారం ఉండాలి. రెండోదాని దగ్గరే చాలామంది బోల్తా పడతారు. ఫ్రిజ్ రిపేరుకి వచ్చినాయన కాంట్రాక్టరే, కానీ వీకెండ్ వచ్చి బిర్యానీ వండే మాస్టర్‌ని 1099 మీద (అంటే కాంట్రాక్టర్‌గా చూపించి) పెట్టుకుంటే ఎంత మంచి లాయర్‌తో కాంట్రాక్ట్ రాయించినా ఆయన ఉద్యోగే. తెలిసే చేశారని తేలితే ఒక్కో ఉల్లంఘనకి 5,000 నుంచి 15,000 డాలర్ల దాకా పెనాల్టీ. గ్రాఫిక్ డిజైనర్లు, ఫోటోగ్రాఫర్ల లాంటివాళ్లకి ఈ మూడింటి టెస్ట్ నుంచి మినహాయింపు ఉంది గానీ దానికీ షరతులున్నాయి, ఫోటోగ్రాఫర్లకైతే అందులో రాతపూర్వక కాంట్రాక్ట్ ఒకటి.

ఇక 2025 జనవరి నుంచి ఇలాంటి పనులకి ఇంకో చట్టం వచ్చింది. పని విలువ 250 డాలర్లు గానీ అంతకు మించి గానీ ఉందా, రాతపూర్వక కాంట్రాక్ట్ ఉండాల్సిందే, 120 రోజుల్లో ఇచ్చిన చిన్న చిన్న పనులు కూడా కలిపే లెక్క. ఇద్దరి పేర్లు, అడ్రస్‌లు, ఏ పనికి ఎంత, డబ్బులు ఏ తేదీకి, బిల్లు ఎప్పట్లోగా పంపాలి, ఇవన్నీ రాయండి. తేదీ రాయకపోతే పని అయిన 30 రోజుల్లో ఇచ్చేయాలి. వాళ్లు అడిగినా రాసివ్వకపోతే మీరు 1,000 డాలర్లు కట్టాలి. కాపీ నాలుగేళ్లు దాచాలి. డిజైనర్ న్యూయార్క్‌లో ఉంటే అక్కడి చట్టం కూడా చూసుకోండి, అక్కడ పరిమితి 800 డాలర్లు.

నెట్‌లో దొరికే టెంప్లేట్లతో ఒక చిక్కుంది. వాటిలో "వర్క్ మేడ్ ఫర్ హైర్" (చేసిన పని మొదట్నుంచీ చేయించుకున్నవాళ్లదే) అనే లైన్ ఉంటుంది, కాలిఫోర్నియాలో అది పెడితే కార్మికుల బీమా విషయంలో మీరు యజమాని అయిపోతారు! దాని బదులు డబ్బు ముట్టాక కాపీరైట్ మీకు బదిలీ చేస్తున్నట్టు రాయించుకోండి. వేరేవాళ్లకి పని చేయకూడదనే షరతు కూడా తీసేయండి, ఇక్కడ చాలావరకు చెల్లదు.

ఇంకోటి, హెచ్-1బీ మీద ఉన్న ఫ్రెండ్‌తో సైడ్‌లో లోగో గీయించుకుని డబ్బులివ్వకండి, తన వీసాకే ఎసరు. హెచ్-4 ఈఏడీ (హెచ్-4 వాళ్లకి ఇచ్చే పని అనుమతి) ఉంటే పర్లేదు.

సంతకం రోజే డబ్ల్యూ-9 (వాళ్ల పన్ను నంబర్ రాసిచ్చే ఫారం) తీసుకోండి, పన్ను కాగితాల కోసం జనవరిలో ఫోన్లు చేస్తే ఎవరూ ఎత్తరు.