శని, ఆదివారాల్లో కొండపల్లి, మంగళగిరి, ఉండవల్లి: కొండలనూ చేతికళలనూ తీరిగ్గా చూసి రావడం ఎలా

విజయవాడలోనో గుంటూరులోనో ఉండేవారికి రెండు రోజుల సెలవు దొరికితే మనసు వెంటనే అరకు వైపో, ఊటీ వైపో పోతుంది. రానుపోను ప్రయాణానికే ఆ రెండు రోజుల్లో సగం ఖర్చయి, అలసటతో సోమవారం ఆఫీసుకు చేరేవారిని చాలామందిని చూస్తుంటాం. విజయవాడ నుంచి గంటలోపు ప్రయాణంలోనే కొండ మీద కోట, దాని కింద బొమ్మలు చెక్కే వీధులు ఉన్న కొండపల్లి ఉంది; కొండ మీద పానకాల స్వామి, దాని కింద మగ్గాలు ఉన్న మంగళగిరి ఉంది; కొండనే తొలిచి నాలుగు అంతస్తుల ఆలయంగా మలిచిన ఉండవల్లి ఉంది. ఈ మూడింటినీ రెండు రోజుల్లో హడావుడి లేకుండా చూడవచ్చు. అయితే దానికి ఒక క్రమం పాటించాలి: ఉదయం కొండ ఎక్కాలి, ఎండ ముదిరాక నీడపట్టున పనిచేసే కళాకారుల దగ్గర కూర్చోవాలి, పొద్దు వాలాక కృష్ణ ఒడ్డుకు చేరాలి. ఈ క్రమం తారుమారైతే మిట్టమధ్యాహ్నం కోట బురుజుల మధ్య మాడిపోతారు, సాయంత్రం బొమ్మల వీధికి వెళ్లేసరికి పని ముగించి సామాను సర్దుకునే వేళ అవుతుంది.

కాలం సంగతి ముందుగా చూసుకోవాలి. ఈ యాత్రకు నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనువైన సమయం. మే నెలలో విజయవాడలో ఎండ 45 డిగ్రీలకు కూడా చేరుతుంది కనుక వేసవిలో కొండ ఎక్కే ఆలోచన మానుకోవడమే మంచిది. దసరా నవరాత్రులలో ఇంద్రకీలాద్రికి వచ్చే భక్తులతో నగరంలో గదులు దొరకడం కష్టమవుతుంది. అమ్మవారి దర్శనమే ప్రధానమైతే అది వేరే యాత్రగా పెట్టుకోవాలి. నా ఉద్దేశంలో డిసెంబరు నెల అన్నిటికంటే మేలు. సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టే ఇళ్ల కోసం కొండపల్లిలో పని ముమ్మరంగా సాగే రోజులవి. చెక్కడం నుంచి రంగులు వేయడం వరకు అన్ని దశలూ ఒకే పూటలో కంటపడతాయి.

బస విజయవాడలోనే పెట్టుకోండి. రైల్వే స్టేషనుకో, పండిట్ నెహ్రూ బస్ స్టేషనుకో దగ్గరలో గది తీసుకుంటే రెండు రోజులూ రాకపోకలకు ఇబ్బంది ఉండదు. గుంటూరు వారైతే గది కూడా అక్కరలేదు, తెల్లవారుజామున బయలుదేరితే చాలు.

మొదటి రోజు కొండపల్లికి కేటాయించాలి. విజయవాడకు వాయవ్యంగా సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, ఇబ్రహీంపట్నం దాటగానే ఈ ఊరు వస్తుంది. సిటీ బస్సులు ఉన్నాయి, కాజీపేట మార్గంలో రైల్వే స్టేషనూ ఉంది. కోటకు ఘాట్ రోడ్డు ఉంది కనుక సొంత బండి ఉంటే పైదాకా వెళ్లవచ్చు. లేనివారు ఊళ్లో ఆటో మాట్లాడుకుని, పైన ఎంతసేపు ఆగాలో, తిరిగి దింపడానికి కలిపి ఎంతో ముందే తేల్చుకోవాలి. పైన ఖాళీ ఆటో దొరుకుతుందనే ఆశ పెట్టుకోకూడదు.

ఈ కోటను 14వ శతాబ్దంలో కొండవీటి రెడ్డి రాజులు కట్టించారు. తరువాత గజపతుల చేతికి, 16వ శతాబ్దం తొలినాళ్లలో శ్రీకృష్ణదేవరాయల చేతికి, ఆపై కుతుబ్‌షాహీల చేతికి, మొగలుల చేతికి, చివరకు 1766లో ఆంగ్లేయుల చేతికి వెళ్లింది. ఇన్ని చేతులు మారిన కోట కనుక ఒక్కో కట్టడంలో ఒక్కో కాలపు పనితనం కనిపిస్తుంది. ద్వారబంధాల మీది తోరణాలు ఒక తీరుగా ఉంటే, అడుగున పేర్చిన రాతి కట్టు మరో తీరుగా ఉంటుంది. దర్గా దర్వాజా దాటి లోపలికి వెళ్లి, తానీషా మహల్ శిథిలాల మీదుగా నడిచి, కొండ అంచున ఉన్న గోడ దగ్గర ఆగితే చుట్టూ అడవి, కింద ఊరు కనిపిస్తాయి. ఆ అడవిని శ్రద్ధగా చూడాలి, ఎందుకంటే కాసేపట్లో మీరు చూడబోయే బొమ్మలకు కలప పుట్టినచోటు అదే. నీళ్ల సీసా, గట్టి చెప్పులు లేకుండా కోటకు రావద్దు. కోటకు రెండు గంటలు చాలు.

కిందికి దిగాక బొమ్మలు చేసేవారు ఉండే వీధికి వెళ్లాలి. ఈ యాత్రకు ప్రాణం ఇక్కడే ఉంది కనుక దీనికి కనీసం మూడు గంటలు ఉంచుకోండి. ఈ వృత్తిలో ఉన్నవారిని ఆర్యక్షత్రియులంటారు. తమ పూర్వులు రాజస్థాన్ నుంచి వచ్చారని, శివుడి నుంచి శిల్పవిద్య పొందిన ముక్తరుషి తమ మూలపురుషుడని వారు చెప్పుకుంటారు. కొండపల్లి బొమ్మకు భౌగోళిక గుర్తింపు (జీఐ), అంటే ఆ పేరు ఈ ప్రాంతపు బొమ్మలకే చెందుతుందన్న అధికారిక గుర్తింపు ఉంది. దుకాణం ముందు నిలబడి ధరలు అడిగి వెళ్లిపోయేవారికి ఇక్కడ ఏమీ తెలియదు. అరుగు మీద పని చేసుకుంటున్నవారిని మర్యాదగా పలకరించి, కాసేపు చూడవచ్చా అని అడగండి. పెద్దవారైతే అన్నగారూ, అమ్మా అని పిలవండి. పనిలో ఉన్న చేతిని ఆపమని, ఫోటో కోసం మళ్లీ చేసి చూపించమని కోరవద్దు. వారికి రోజు కూలి ఆ చేతి వేగం మీదే ఆధారపడి ఉంటుంది.

ఏమి చూడాలో ముందే తెలిస్తే కన్ను వృథాగా తిరగదు. బొమ్మకు వాడేది తెల్ల పొణికి అనే చెట్టు కలప. చేతిలోకి తీసుకుంటే కలపేనా అన్నంత తేలికగా ఉంటుంది, ఉలికి మెత్తగా లొంగుతుంది. దాన్ని ముక్కలుగా కోసి, తేమ పోయేదాకా సన్నని సెగ మీద ఆరబెడతారు. తేమ మిగిలితే తరువాత రంగు పొరలు పొరలుగా లేస్తుంది. ఒక్క చెక్క ముక్కలోంచే మొత్తం బొమ్మను తీయరు. తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడి బొమ్మనే తీసుకోండి. చెట్టు వేరుగా, మనిషి మొండెం వేరుగా, చేతులు వేరుగా, కాళ్లు వేరుగా, నడుముకు కట్టే కుండ వేరుగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి చేసిన మక్కుతో అతికిస్తారు. ఆ మక్కును వేలి కొసతో తీసుకుని భుజం కీలు దగ్గర అద్ది, చేయి ఏ వాలులో ఉండాలో కంటితోనే అంచనా వేసి, గట్టిపడేలోగా ఒక్క కదలికతో సరిచేస్తారు. ఆ వాలు తప్పితే మనిషి చెట్టును పట్టుకున్నట్టు కాక చెట్టుకు వేలాడుతున్నట్టు కనిపిస్తాడు. తరువాత ఆకురాయితో నునుపు చేసి, తెల్లటి పూత పూసి, అది ఆరాక సన్నని కుంచెతో రంగులు దిద్దుతారు. కళ్లు చివరన పెడతారు. కనుబొమ, కనుపాప, పెదవి మూడూ గీసేసరికి అంతవరకు చెక్కగా ఉన్నది ఫలానా మనిషి అయిపోతుంది. ఈ ఒక్క దశ చూడటానికైనా ఓపికగా కూర్చోమని గట్టిగా చెబుతాను.

కొనేటప్పుడు దశావతారాలు, అంబారీ ఏనుగు, ఎడ్లబండి, పల్లకిలో పెళ్లికూతురు, గీతోపదేశం అందరి కంటా పడతాయి. ఇల్లు చిన్నదైతే పల్లె జీవితం చూపే విడి బొమ్మలు, అంటే వడ్లు దంచే స్త్రీ, చేటతో చెరిగే స్త్రీ, గీత కార్మికుడు తీసుకోండి. కొండపల్లి చేతి విశేషం దేవతా మూర్తుల కంటే వీటిలోనే ఎక్కువ అని నా నమ్మకం. బొమ్మను తిప్పి అడుగుభాగం చూడండి. అతుకుల దగ్గర పగులు ఉండకూడదు, రంగు కారి గడ్డకట్టి ఉండకూడదు. సహజ రంగులు వేసినవి కావాలంటే ఆ మాటే అడగండి, అవి కాస్త మెత్తటి ఛాయలో ఉంటాయి, నూనె రంగుల మెరుపు ఉండదు. బేరం సంగతి సూటిగా చెప్పాలి. నాలుగైదు బొమ్మలు కలిపి కొన్నప్పుడు కొంచెం తగ్గించమని అడగడంలో తప్పు లేదు, కానీ ఒక్క బొమ్మ దగ్గర సగం ధరకు గీచి గీచి బేరమాడటం న్యాయం కాదు. పొణికి చెట్లు తగ్గి కలప దొరకడమే కష్టమవుతున్న రోజుల్లో, చేసినవారి చేతికే డబ్బు అందేలా కొనడం ఈ వృత్తికి చేయగలిగిన సాయం. ఇంటికి తెచ్చాక తడిగుడ్డ తగలనివ్వకుండా మెత్తని పొడి కుంచెతో దుమ్ము దులపాలి, ఎండ నేరుగా పడని చోట పెట్టాలి.

సాయంత్రం విజయవాడకు తిరిగి వచ్చాక ఓపిక ఉంటే బందరు రోడ్డులోని బాపు మ్యూజియం చూడవచ్చు. పింగళి వెంకయ్య 1921లో గాంధీజీకి జెండా నమూనా సమర్పించింది విజయవాడలోనే కనుక ఆ చరిత్రకు ఇక్కడ తగిన చోటు ఇచ్చారు. ఓపిక లేకపోతే ప్రకాశం బ్యారేజీ మీద నడవండి, చాలు.

రెండో రోజు ఇడ్లీ మీద వెన్న, కారప్పొడి వేసుకుని తిని పెందలాడే మంగళగిరికి బయలుదేరాలి. ఇక్కడ వేళ చాలా ముఖ్యం. కొండ మీది పానకాల నరసింహస్వామి గుడిని మధ్యాహ్నమే మూసివేస్తారు. రాత్రివేళ దేవతలు వచ్చి స్వామిని అర్చిస్తారన్న విశ్వాసం వల్ల సాయంత్రం దర్శనం ఉండదు. అందుకే మెట్ల మీదుగా ఎక్కినా, రోడ్డు మార్గాన వెళ్లినా తొమ్మిదింటికల్లా పైన ఉండేలా చూసుకోండి. పైన విగ్రహం ఉండదు, తెరిచిన నోరు మాత్రమే ఉంటుంది. అర్చకులు శంఖంతో బెల్లం పానకం అందులో పోస్తుంటే గుటకలు వేస్తున్న శబ్దం వినిపిస్తుంది; సగం కాగానే శబ్దం ఆగుతుంది, మిగిలిన సగాన్ని భక్తుడికి ప్రసాదంగా ఇస్తారు. ఇంత బెల్లం ఒలికే చోట ఈగలు, చీమలు చేరవని పెద్దలు చెబుతారు. వరుసలో తొందరపడకుండా ఆ శబ్దం వినే అవకాశం తీసుకోండి.

కింద ఉన్న లక్ష్మీనరసింహస్వామి ఆలయపు గాలిగోపురాన్ని రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు 19వ శతాబ్దం తొలినాళ్లలో కట్టించారు. పదకొండు అంతస్తుల ఆ గోపురాన్ని మొత్తంగా చూడాలంటే దగ్గరగా కాక వీధి చివర నిలబడాలి.

ఎండ ముదిరే వేళకు మగ్గాల దగ్గరకు చేరుకోవాలి. మంగళగిరి నేత సంప్రదాయం గుంట మగ్గం మీద సాగుతుంది. నేతగారు గుంటలో కాళ్లు పెట్టి తొక్కుడు కర్రలు తొక్కుతూ, చేత్తో అడ్డపోగు ఉన్న నాడెను పడుగు, అంటే నిలువు పోగుల మధ్య నుంచి అటూఇటూ పంపిస్తారు. ఆ లయ వినగానే తెలుస్తుంది, పోగు తెగితే శబ్దమూ తెగుతుంది, వెంటనే వంగి ముడి వేస్తారు. మంగళగిరి చీరకు గుర్తు సాదా ఒడలు, దాని అంచున జరీతో చిన్న చిన్న గోపురాల వరుసలా వచ్చే నిజాం అంచు. ఒంటి మీద బుటాలు లేకపోవడమే దాని అందం. మరమగ్గం మీద నేసిన వాటిని చేనేతగా అమ్మే దుకాణాలు ఎక్కడైనా ఉంటాయి కనుక చేనేత గుర్తు ఉన్న చీటీ చూడండి, వీలైతే నేసేవారి ఇంటి దగ్గరో, నేత సహకార సంఘం దుకాణంలోనో కొనండి. నేత ఇళ్లలోకి వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి అడిగి వెళ్లాలి, చాచిన పడుగు మీదుగా దాటకూడదు.

భోజనం అయ్యాక తిరుగు దారిలో ఉండవల్లి వస్తుంది. నాలుగు అంతస్తులుగా కొండను తొలిచిన ఈ గుహాలయాన్ని నాలుగు, ఐదో శతాబ్దాలకు చెందినదిగా, విష్ణుకుండిన రాజుల కాలంతో ముడిపెట్టి చెబుతారు. అడుగు అంతస్తులో పూర్తికాని స్తంభాలు చూసి చాలామంది తొందరగా వెనుదిరుగుతారు. మెట్లెక్కి పైకి వెళ్లాలి, అక్కడే శయనించిన అనంతపద్మనాభుడి భారీ విగ్రహం ఉంది. గర్భగుడిలోని మసక వెలుతురుకు కళ్లు అలవాటు పడేదాకా నిలబడితే శేషుడి పడగలు, పాదాల దగ్గర ఉన్న రూపాలు ఒక్కొక్కటిగా బయటపడతాయి. బయటి వరండా అంచున కూర్చున్న రుషుల విగ్రహాల పక్కన నిలబడితే ఎదురుగా పచ్చని పొలాలు కనిపిస్తాయి. వర్షం పడిన రోజు మెట్లు జారుతాయి, ముసలివారిని జాగ్రత్తగా నడిపించాలి. గుహ మూసే వేళకు గంటన్నర ముందైనా చేరుకోండి. అక్కడి నుంచి ప్రకాశం బ్యారేజీ మీదుగా ఆటోలో విజయవాడకు చేరడానికి పెద్ద సమయం పట్టదు.

గుంటూరు నుంచి వచ్చేవారు ఈ క్రమాన్ని కాస్త మార్చుకోవచ్చు. రెండో రోజు మంగళగిరి వారికి ముందుగా తగులుతుంది కనుక ఉండవల్లి తరువాత విజయవాడకు పోకుండా వెనక్కి తిరిగితే సరిపోతుంది. కొండపల్లి చూసి మనసు కోటల మీదకు పోయినవారు మరో శనివారం గుంటూరుకు పశ్చిమంగా ఉన్న కొండవీడు పెట్టుకోవాలి. రెడ్డి రాజుల రాజధాని, పెదకోమటి వేమారెడ్డి కొలువులో శ్రీనాథుడు విద్యాధికారిగా ఉన్న చోటు అదే. అక్కడా ఘాట్ రోడ్డు ఉంది, కానీ పైన తినడానికి, తాగడానికి దొరికేవి తక్కువ, కనుక నీళ్లు, పులిహోర ఇంటి నుంచే కట్టుకుని వెళ్లండి.