మంచు కరిగింది, డిటెక్టర్ బయటకు తీసే ముందు

అమెరికాలో మంచు కరిగి నేల మెత్తబడగానే మనవాళ్లు కొందరు మెటల్ డిటెక్టర్ భుజాన వేసుకుని పాత పార్కుల వెంట పడతారు. 1964 వరకు వచ్చిన డైములు (పది సెంట్ల నాణేలు), క్వార్టర్లలో (పాతిక సెంట్లవి) 90 శాతం వెండి, అదీ ఆశ. కానీ పాత పార్కంటే దశాబ్దాల పిక్నిక్‌ల చెత్త కూడా. మేకులు, సీసా మూతలు, ఒకప్పుడు కూల్‌డ్రింక్ డబ్బాల మీద నుంచి పీకి పారేసిన రింగులు.

ముందు అనుమతి. సిటీ పార్కుల రూల్స్ ఊరికో తీరుగా ఉంటాయి, ఫోన్ చేసి కనుక్కోండి. నేషనల్ పార్కుల్లో డిటెక్టర్ వాడితే నేరమే. పెరట్లో తవ్వేటట్టయితే కొన్ని రోజుల ముందే 811కు ఫోన్ చేయండి. గ్యాస్, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో ఉచితంగా గుర్తు పెట్టి వెళ్తారు.

చెత్త నేలలో విసుగొచ్చి అందరూ చేసే తప్పు ఒకటుంది. డిస్క్రిమినేషన్, అంటే అక్కర్లేని లోహాల మోతను ఆపే సెట్టింగ్, పెంచేసి రింగుల మోత రాకుండా చేస్తారు. ఆ రింగులు, ఐదు సెంట్ల నికెల్, సన్నటి బంగారు ఉంగరం మెషీన్‌కి దాదాపు ఒకేలా వినిపిస్తాయి. ఒకటి వద్దనుకుంటే మూడూ పోయినట్టే. దానికి బదులు కర్ర చివర నేల మీద తిప్పే పళ్లెం, అంటే కాయిల్, చిన్నది, ఐదారు అంగుళాలది, బిగించండి. పెద్ద కాయిల్ కింద మేకూ నాణెమూ ఒకేసారి పడితే మేకు మాటే పైకొస్తుంది. సెన్సిటివిటీ (మెషీన్ ఎంత చిన్న సంకేతాన్ని పట్టుకోవాలో చెప్పే సెట్టింగ్) కాస్త తగ్గించి, ఊడ్చినట్టు కాకుండా నెమ్మదిగా తిప్పండి. మంచి మోత వినిపిస్తే పక్కకు తిరిగి అడ్డంగా మరోసారి చూడండి. నాణెమైతే సాధారణంగా రెండు వైపుల నుంచీ అదే మోత వస్తుంది. వంగిన మేకు ఒక వైపు వెండిలా పలికి రెండో వైపు గొంతు మారుస్తుంది. నలిగిన అల్యూమినియం డబ్బా మాత్రం ఎటు నుంచి చూసినా మోసం చేస్తుంది, దానికి నా దగ్గర మందు లేదు.

గుంటలో వేళ్లతో తడమకండి. నేను ఒకసారి తడిమి, పగిలిన సీసా పెంకుతో బొటనవేలు కోసుకున్నాను. గాజు పెంకులు, బ్లేడు ముక్కలు, ఒక్కోచోట సిరంజి సూదులు కూడా ఉంటాయి. మందపాటి గ్లోవ్స్, పిన్‌పాయింటర్ (గుంటలో లోహం సరిగ్గా ఎక్కడుందో చూపే చేతి డిటెక్టర్) తప్పనిసరి. టెటనస్ ఇంజెక్షన్ తీసుకుని పదేళ్లు దాటితే మళ్లీ వేయించుకోండి. గడ్డిలో మోకాళ్ల మీద కూర్చుంటాం కాబట్టి ఇంటికెళ్లాక ఒంటి మీద టిక్స్ (నెత్తురు పీల్చే చిన్న పురుగులు) ఉన్నాయేమో చూసుకోండి. అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో లైమ్ వ్యాధి వాటితోనే వస్తుంది. ఫిరంగి గుండులాంటి పెద్దది తగిలితే ముట్టుకోకుండా దూరం జరిగి 911కి చెప్పండి.

గడ్డిని మూడు వైపులా కోసి మూతలా ఎత్తండి, పని కాగానే మళ్లీ తొక్కి సరిచేయండి. దొరికిన చెత్త మీ సంచిలోకే. నాణేన్ని అక్కడే ప్యాంటుకు రుద్దకండి, గీతలు పడితే విలువ పోతుంది. ఇంటికొచ్చి నీళ్లలో నానబెట్టండి.

సెలవులకు ఇండియా వెళ్లేటప్పుడు ఈ మెషీన్ పెట్టెలో పెట్టకండి. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం భూమిలో దాగి ఉన్న, పది రూపాయల విలువ దాటినది ఏది దొరికినా కలెక్టర్‌కు తెలియజేయాలి. పాడుబడ్డ గుడి పక్కన డిటెక్టర్‌తో కనిపిస్తే ఊళ్లో గుప్తనిధుల ముఠా అనే అనుకుంటారు. అది మీ వీకెండ్ హాబీ అని ఎస్సైకి వివరించడం చాలా కష్టం.